గోడకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? సుల్తానాబాద్ పాత ఇళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక గోడ చరిత్ర చెప్పుకుందాం.

సుల్తానాబాద్ నిజాం కాలంలోనే ఒక తాలూకా. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉంది. ఇలాంటి ఊళ్లలో పాత పెంకుటింటికి వెళ్తే తరచుగా వినబడే మాట: "రంగు వేసి రెండేండ్లు కాలేదు, లోపలి గోడ మళ్లా పొక్కులు లేస్తుంది."

మన తాతల కాలంలో రాయి పునాది మీద మందపాటి మట్టి గోడ పెట్టేవాళ్లు. ఉన్నవాళ్లయితే గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టేవాళ్లు. పైన సున్నం, కింద జాజు. ఆ గోడ నేలలోని నీళ్లు పీల్చలేదా అంటే, పీల్చింది. దీపంలో వత్తి నూనె పీల్చినట్టే. కానీ మట్టికీ సున్నానికీ సన్నని రంధ్రాలుంటాయి. ఎక్కిన నీరు ఎండకు, గాలికి బయటికి పోయేది. పండుగకోసారి వేసే సున్నం ఆ దారిని మూసేది కాదు.

1824లో ఇంగ్లాండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. 1969లో మన పక్కనే బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. బస్తా అందుబాటుకు రాగానే పాత మట్టి గోడకు కూడా సిమెంటు ప్లాస్టరు పడింది, దానిపైన ఆయిల్ పెయింటు. "ఇల్లు గట్టిపడ్డది" అనుకున్నాం. నిజానికి గోడ ఊపిరి ఆగింది. బయటికి పోలేని నీరు ఇంకా పైకెక్కింది. నీటితో వచ్చిన ఉప్పు గోడ పైపొరలో గడ్డకట్టి రంగును తోసేసింది. తెల్లటి పొడి రాలేది అందుకే.

ఇంకొకటి, రోడ్డు. పాతదాని మీదే కొత్త సీసీ వేస్తూ పోతే వీధి పెరుగుతుంది, ఇల్లు దిగుతుంది. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన గడపలోకి ఇప్పుడు దిగుతున్నామంటే, వాన నీరు నేరుగా గోడనే తాకుతుంది.

మరి కారణం ఎట్ల పట్టాలి? ముందు మరక ఎక్కడుందో చూడండి. నేల నుంచి మూడడుగుల లోపు పట్టీలా ఉంటే కింది నీరు. పైనుంచి దిగితే స్లాబో, పెంకులో, పిట్టగోడో. ఒక్కచోటే మచ్చ ఉండి, అవతల బాత్రూం ఉంటే పైపు. ఎప్పుడు వస్తుందో కూడా రాసుకోండి. వానల్లోనేనా, ఏడాదంతానా, లేక చుట్టూ వరి మడులు నిండినప్పుడా?

అనుమానముంటే గోడ మీద పాలిథీన్ ముక్క పెట్టి, నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు ఆగండి. గోడ వైపు చెమట పడితే తేమ గోడలోనిది. గది వైపు పడితే గదిలోని గాలిది. అప్పుడు కిటికీ తీస్తే చాలు.

ఇది రంగు ఖర్చు మాట ఒక్కటే కాదు. లోపల నానిన మట్టి బలం కోల్పోతుంది. పైన సిమెంటు గట్టిగానే కనబడుతుంది, ముసురు పట్టిన రాత్రి గోడ కూలుతుంది. పాత గోడైతే ముందు బయట నీరు పోయే దారి చేయండి. సిమెంటు పొర తీయించి, ఆరనిచ్చి, సున్నం వేయించండి.

వైద్యుడు మందు రాసే ముందు నాడి చూస్తాడు. మేస్త్రిని పిలిచే ముందు మనమూ గోడ నాడి చూడాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.