సుబ్బారావుగారి రెండు పసుపు పొడులు

భీమవరంలో 1895లో జన్మించి, రాజమహేంద్రవరంలో చదువుకొన్న డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నగారిని స్ప్రూ అనే గ్రహణి వ్యాధి బలిగొన్నది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి నాయకత్వాన కృత్రిమంగా తయారైన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికే మందు కావడం విశేషం.

ఆ ఆమ్లపు నిర్మాణంలో స్వల్పమైన మార్పులు చేయగా, దాని పనికి అడ్డుపడే పదార్థాలు లభించినవి. వాటిలో అమినోప్టెరిన్‌తో రక్తకాన్సరు పిల్లలకు తాత్కాలికంగా గుణమిచ్చినదని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించినారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లం రక్తకణాల వృద్ధికి తోడ్పడుతుంది. మెథోట్రెక్సేట్ కణాల పెరుగుదలను అరికడుతుంది. చూడబోతే రెండూ పసుపు పొడులే! ఒకటి కావలసిన చోట మరొకటి పడితే ప్రాణాపాయం. మరి వీటిని వేరుపరచి చూపేదెట్లా?

1903లో వార్సాలో మిఖాయిల్ స్వెట్ ఆకుల రంగులను సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో విడదీసినాడు. అదే క్రొమటోగ్రఫీకి నాంది. అటుపిమ్మట చాలకాలం గొట్టంలోని పొడి నీటిని ప్రేమించేది; పారే ద్రవం నూనెజాతిది. 1950లో హోవర్డ్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు కొవ్వు ఆమ్లాలను విడదీయడానికి ఈ వరుసను తలక్రిందులు చేసినారు. నేటి గొట్టాలలో సిలికా రేణువులకు సాధారణంగా 18 కర్బన పరమాణువుల జిడ్డుగొలుసులు అంటించి ఉంటాయి. వాటి నడుమ నీరు, మిథనాల్ లేక ఎసిటోనైట్రైల్ కలిపిన ద్రావణి పారుతుంది.

ఆవకాయ కలిపిన చేతి జిడ్డు వట్టి నీటికి వదలదు గదా! ఇక్కడా అంతే. నీరు హెచ్చైతే పదార్థం జిడ్డును పట్టుకొని ఆలస్యంగా వస్తుంది. మిథనాల్ హెచ్చైతే త్వరగా వెలువడుతుంది. మిథనాల్ నూటికి పదిపాళ్ళు పెంచితే, ఆగే కాలం సుమారు రెండు మూడు రెట్లు తగ్గవచ్చు. ఎసిటోనైట్రైల్ ఇంకను బలమైనది, తక్కువపాళ్ళు చాలును. ద్రావణి పులుపును మార్చినా ఆమ్లజాతి పదార్థాల నడక మారుతుంది. సాధారణంగా ఫోలిక్ ఆమ్లం ముందు, మెథోట్రెక్సేట్ వెనుక వస్తాయి. ద్రావణి బలం మితిమీరితే రెండూ కలిసిపోయి వస్తాయి. మరీ తగ్గితే రెండవది ఎంతకూ రాదు, వచ్చినా పలుచబడి వస్తుంది. ఆ పాళ్ళు కుదర్చడమే పరీక్షకుని నేర్పు.

నేడు కీళ్ళవాతపు రోగులకు వైద్యులు వారానికొకమారు మెథోట్రెక్సేట్‌ను, దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లాన్ని ఇస్తున్నారు. సుబ్బారావుగారి కృషితో ముడిపడిన రెండు మందులు ఒకే ఇంటి అలమరలో ప్రక్కప్రక్కన ఉంటాయి. ఆ సీసాలపై పేర్లను మనం నమ్మగలుగుతున్నామంటే, ఎక్కడో ఒక పరీక్షకుడు నీటిని, ద్రావణిని సరిపాళ్ళలో కలిపినందువల్లనే.