టపాలో వచ్చిన సంగీతము

మన పెద్దల కాలమున పుస్తకముల అంగడి లేని ఊళ్లు పెక్కు. తపాలా కచేరి మాత్రము చేరువలో ఉండెడిది. ఉత్తరము వ్రాసిన కొన్నాళ్లకు వి.పి. బంగీ వచ్చెడిది. పైకము చెల్లించిన పిదపనే తపాలా బంట్రోతు దానిని చేతికిచ్చెడివాడు. సాహిత్యము మన పల్లెలకు నడచివచ్చిన దారులలో ఇదియొకటి. అమెరికాలో రాక్ సంగీతమును బాలుర చెంతకు చేర్చినదియు ఇట్టి దారియే. ఆ చరిత్రలో ఆనందముతోపాటు, ఉద్యోగస్థులమైన మనము ఆలోచింపదగిన చిక్కు ఒకటి కలదు.

ఆ దేశమున 1896లో పల్లెల ఇండ్లకు ఉచితముగా ఉత్తరములు చేర్చు పద్ధతియు, 1913లో పార్సెలు టపాయు ఏర్పడెను. అప్పటి లక్క రికార్డులు బరువైనవి, పెళుసైనవి. కొలంబియా సంస్థ 1948లో దీర్ఘకాలము మ్రోగు వినైల్ రికార్డును, ఆర్.సి.ఎ. విక్టర్ సంస్థ 1949లో చిన్న రికార్డును వెలువరించెను. ఇవి తేలికైనవి, సులభముగా పగులనివి. టపాకు తగిన సరకు అప్పటికి సిద్ధమైనది.

టెనెసీ రాష్ట్రమున గాలటిన్ అను చిన్న పట్టణము కలదు. అచటి రాండీస్ రికార్డు షాపు 1940ల చివరనుండి నాష్‌విల్‌లోని డబ్ల్యు.ఎల్.ఎ.సి. రేడియోలో రాత్రివేళ ప్రకటనలిచ్చి, కోరినవారికి టపాలో రికార్డులు పంపుచుండెను. ఏబదివేల వాట్ల ఆ కేంద్రము రాత్రులందు అనేక రాష్ట్రములలో వినబడెడిది. అందు మ్రోగినది ముఖ్యముగా నల్లజాతి కళాకారుల రిథమ్ అండ్ బ్లూస్. దక్షిణ రాష్ట్రములలో బడులు, భోజనశాలలు, బస్సులలోని ఆసనములు సైతము జాతినిబట్టి వేరుగా ఉన్న రోజులవి. రేడియో తరంగములకుగాని, గోధుమరంగు కాగితము చుట్టిన బంగీకిగాని ఆ గోడలు అడ్డుకాలేదు. దుప్పటి క్రింద రేడియో దాచుకొని విన్న తెల్లజాతి బాలుడు, తన ఊరి అంగడిలో దొరకని పాటను ఉత్తరము వ్రాసి తెప్పించుకొనగలిగెను. రాక్ సంగీతమునకు శ్రోతలు ఇట్లు కూడ తయారైరి.

పిదప పెద్ద సంస్థలు రంగమున ప్రవేశించినవి. 1926లో పుట్టిన ‘బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్’ను ఆదర్శముగా గొని కొలంబియా 1955లో రికార్డు క్లబ్బును స్థాపించెను. ఆ సంవత్సరాంతమునకే సభ్యులు లక్ష దాటిరి. మరుసటి యేట కార్యాలయము ఇండియానా రాష్ట్రములోని టెర్రె హోట్ పట్టణమునకు మారెను. 1958లో ఆర్.సి.ఎ. విక్టర్, కాపిటల్ సంస్థలును ఈ దారి పట్టినవి. మొదట కొలంబియా క్లబ్బులో ఉన్న శాఖలు శాస్త్రీయ సంగీతము, జాజ్, నాటకశాల గీతములు, వినోద నృత్య సంగీతము మాత్రమే. ఆ సంస్థలో జనరంజక సంగీతమునకు పెద్దయైన మిచ్ మిల్లర్‌కు రాక్ గిట్టదు. కాని కాలమాగలేదు. మిన్నెసోటాలోని హిబ్బింగ్ అను గనుల ఊరిలో, దక్షిణపు రేడియోను రాత్రులు విని పెరిగిన బాబ్ డిలన్ 1961లో ఆ సంస్థలోనే చేరెను. 1965లో అతని ‘హైవే 61 రివిజిటెడ్’ వెలువడెను.

ఇక చిక్కు సంగతి. మొదట నామమాత్రపు వెలకు కొన్ని రికార్డులు వచ్చును. అందులకు బదులుగా పూర్తి వెలకు మరికొన్ని కొందునని సభ్యుడు ఒప్పుకొనవలెను. నెలనెలా ఒక పత్రికయు, జవాబు కార్డును వచ్చును. వలదని గడువులోగా వ్రాయనిచో ఆ నెల రికార్డు దానంతట వచ్చును, వెనువెంటనే బిల్లును వచ్చును. మౌనము అర్ధాంగీకారమని మనవారి సామెత. క్లబ్బువారు దానిని పూర్ణాంగీకారముగా లెక్కించిరి. కార్డు పంప మరచిన బాలునకు కోరని రికార్డు వచ్చెడిది. అది ఒక్కొక్కప్పుడు జన్మకంతటికి ప్రియమైన పాటయగును. ఒక్కొక్కప్పుడు తండ్రి చేత చివాట్లకు కారణమగును. మైనరు వ్రాసిన ఒప్పందము సాధారణముగా అతనిని కట్టివేయదని చట్టము. అయినను, పిల్లవాడు సంతకము చేసెను గదాయని బిల్లు చెల్లించిన తల్లిదండ్రులు ఎందరో. కల్పిత నామములతో చేరి క్లబ్బునే వంచించిన గడుసు పిల్లలును లేకపోలేదు.

పోటీని అడ్డుచున్నదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1962లో కొలంబియాపై అభియోగము తెచ్చెను. 1973లో ఆ కమిషన్ వేరొక నియమము చేసెను. దాని ప్రకారము షరతులన్నియు ముందుగా స్పష్టముగా తెలుపవలెను; వలదని చెప్పుటకు పది దినములకు తగ్గని గడువు ఈయవలెను. పద్ధతి నిషిద్ధము కాలేదు; మౌనమునకు హద్దు మాత్రము ఏర్పడినది.

ఆర్.సి.ఎ. క్లబ్బుకు వారసురాలైన బి.ఎమ్.జి. మ్యూజిక్ సర్వీసు 2009లో మూతపడెను. అయినను ఆ పద్ధతి చావలేదు. నేడు ఫోనులో పాటలకు చందా కట్టినవారి ఖాతానుండి నెలనెలా పైకము దానంతట పోవుచున్నది. మన రిజర్వు బ్యాంకు నియమములను అనుసరించి 2021 అక్టోబరు నుండి అట్టి కోతకు ఇరువదినాలుగు గంటల ముందు ఖాతాదారునకు తెలియజేయవలసియున్నది. ఆ పాత జవాబు కార్డు మరొక రూపమున మన చేతికి వచ్చినదన్నమాట.

ఫైలుపై సంతకము విలువ ఎరిగినవారము మనము. మన పిల్లలు ఏ పాట వినవలెనో మనము నిర్ణయింపజాలము, నిర్ణయింపనక్కరయు లేదు. గాలటిన్ బంగీ విప్పిన బాలుడు పెద్దల గోడలు దాటి మంచి సంగీతమును తానే కనుగొనెను. వలయునది అడుగుటయు, వలదనునది గడువులోగా చెప్పుటయు వారికి నేర్పితిమేని చాలును.