కాలువలు కట్టే కాలం



ఈ వ్యాసాన్ని నా తప్పుతోనే మొదలుపెట్టవలసి ఉన్నది. రెండేళ్ళ క్రితం ఒక వేసవి మధ్యాహ్నం, నా సహాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఏదో వాదోపవాదం జరుగుతున్నది. అది దేని గురించో ఇప్పుడు నాకు జ్ఞాపకం కూడా లేదు. వంటింట్లో నుండి నా భార్య, "ఏమండీ, ఎడమ భుజం లాగుతోంది" అన్నది. నేను తల ఎత్తకుండానే "ఊఁ" అన్నాను. కొంతసేపటికి "ఆయాసంగా ఉందండీ" అన్నది. "కాసేపు పడుకో" అని జవాబు టైపు చేయడంలో మునిగిపోయాను. మూడోసారి ఆమె ఏమీ అనలేదు. చేతిలోని గ్లాసు కింద పడిన చప్పుడుకు లేచి వెళ్ళి చూస్తే గోడకు చేరబడి కూర్చుని ఉన్నది, ఒళ్ళంతా చెమట. మొదటి మాటకూ ఆ చప్పుడుకూ మధ్య నలభై నిమిషాలు గడిచాయి.

సకాలంలో ఆసుపత్రికి చేరాము, స్టెంటు వేశారు, ఆమె ఇప్పుడు కులాసాగా ఉన్నది. కాని గుండెపోటులో తొలి గంట ఎంత విలువైనదో ముప్పై ఏళ్ళు గ్రామాలలో తిరిగి చెప్పినవాడిని నేను. ఆ గంటలో మూడింట రెండు వంతులు నా ఎదుటే, నా ఇంట్లోనే పోయాయి. "మీరు వినలేదనుకోలేదు, పనిలో ఉన్నారనుకున్నాను" అని తరువాత ఆమె అన్న మాట నన్ను ఇప్పటికీ వదలదు. ఆ తరువాత నేను ఆలోచించినది ఒకే ప్రశ్న: ఎడతెగకుండా వచ్చేదానిని మనిషి ఎప్పుడు, ఎలా ఆపాలి? సమాధానం నాకు వైద్యగ్రంథాలలో కంటే ముందుగా మన గోదావరి కాలువల చరిత్రలో కనిపించింది.

ఆనకట్ట, కాలువలు, మూసివేత

19వ శతాబ్ది పూర్వార్ధంలో గోదావరి మండలం కరవుకూ ఉప్పెనకూ మధ్య నలిగిన ప్రాంతం. గుంటూరు కరవుగా పేరుపడిన 1833 నాటి కరవు తీరాంధ్రను కుంగదీసింది. 1839లో కోరంగిని ఉప్పెన ముంచెత్తింది. పక్కనే మహానది ప్రవహిస్తున్నా పంటకు నీరు లేదు. ఈ వైపరీత్యాన్ని చూసి ఆర్థర్ కాటన్ దొర 1844లో ఆనకట్ట ప్రతిపాదనను ప్రభుత్వానికి సమర్పించాడు. 1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలై 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా అది నిలిచింది. కాటన్‌కు కుడిభుజంగా పనిచేసిన వీణెం వీరన్న పేరును కూడా ఇక్కడ స్మరించుకోవాలి. ఆ పాత ఆనకట్ట స్థానంలో నేటి బ్యారేజీ 1982లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు పది లక్షల ఎకరాలకు ఆ నీరే ఆధారం.

ఈ కథ మనకందరికీ తెలిసినదే. అంతగా చెప్పుకోని భాగం మరొకటి ఉన్నది. నీరు కొరతగా ఉన్నంతకాలం విరామం గురించి ఎవరూ ఆలోచించనక్కరలేదు. వేసవి వస్తే ప్రకృతే ఆపేది. కాలువలు వచ్చి, సార్వాతో పాటు దాళ్వా కూడా పండే రోజులు వచ్చిన తరువాత నీటిని ఆపడం మనుషులు తీసుకోవలసిన నిర్ణయమైంది. అందుకే ఏటా దాళ్వా చేతికి వచ్చే వేళకు, సాధారణంగా ఏప్రిల్ నెలలో, తలుపులు దించి కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్ళీ సార్వాకు నీరు వదులుతారు.

ఆ వారాలలో కాలువ ఖాళీగా ఉన్నట్టు కనబడుతుంది గాని అసలు పని అప్పుడే జరుగుతుంది. ఒండ్రు పేరుకున్న చోట పూడిక తీస్తారు. కోసుకుపోయిన గట్లకు మట్టి వేస్తారు. లాకుల తలుపులు, తూములు బాగుచేస్తారు. తూడు, గుర్రపుడెక్క తొలగిస్తారు. నీరు పారుతుండగా ఈ పనులలో ఒక్కటీ సవ్యంగా చేయలేము. నా చిన్నతనంలో కాలువ కట్టిన రోజున మాకు ఒక విధమైన పండుగ. గుంటలలో మిగిలిన చేపల కోసం బురదలో దిగేవాళ్ళము. నీరున్నప్పుడు కనబడని కాలువ అడుగు, రేవు చివరి మెట్టు, ఎప్పుడో జారవిడిచిన చెంబు, అన్నీ అప్పుడే బయటపడేవి.

నింపుకోని చెరువు

కాలువ కట్టడంలో ప్రమాదమూ ఉన్నది. దానిని వైద్యుడిగా నేను కళ్ళారా చూశాను. మూసివేతకు ముందే పంచాయతీలు మంచినీటి చెరువులను కాలువ నీటితో నింపుకోవాలి. నేను పనిచేసిన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఒక ఏడాది ఒక ఊరి చెరువు నిండకుండానే కాలువ కట్టేశారు. జనం కాలువ అడుగున చెలమలు తవ్వుకుని ఆ నీరే తాగారు. పది రోజులలో వాంతులు, విరేచనాలతో మా వరండా నిండిపోయింది. పక్క ఊరిలో చెరువు నిండుగా ఉన్నది, అక్కడి నుండి ఒక్క రోగీ రాలేదు. కాలువ రెండు ఊళ్ళకూ ఒకే రోజున ఆగింది. తేడా అంతా ముందు చేసుకున్న ఏర్పాటులోనే ఉన్నది.

బాగుచేత వాయిదా పడితే ఏమవుతుందో కూడా ఈ డెల్టా చూసింది. 2011లో కోనసీమ రైతులు వేల ఎకరాలలో సార్వా సాగు మానివేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడం, పెరిగిన కూలి ఖర్చులతో పాటు, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగిపోవడం కూడా వారు చెప్పిన కారణాలలో ఒకటి. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించింది. కాలువ కట్టడమూ విరామమే, పంట మానడమూ విరామమే. మొదటిది మనం ఎంచుకున్నది, రెండవది గత్యంతరం లేక వచ్చినది. నిద్ర చెడి, చూపు మసకబారి, చదువు మీద మనసు నిలవక నా దగ్గరకు వచ్చే యువకులను చూసినప్పుడు నాకు ఈ రెండవ విరామమే గుర్తుకు వస్తుంది.

చదువుకూ సెలవు తిథులు

పొలానికే కాదు, బుద్ధికీ ఇటువంటి ఏర్పాటును మన పెద్దలు చేశారు. వేదాధ్యయనంలో అనధ్యయన దినాలు ఉన్నాయి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమ తిథులలో కొత్త పాఠం చెప్పరు. సుందరకాండలో హనుమంతుడు సీతాదేవి కృశత్వాన్ని వర్ణిస్తూ, పాడ్యమినాడు చదివేవాని విద్య వలె ఆమె చిక్కిపోయిందని అంటాడు. విరామం లేని చదువు పెరగదు, సన్నగిల్లుతుంది అన్న అనుభవం ఆ ఉపమానం వెనుక ఉన్నది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్యపై జిల్లాల నుండి వివరాలు కోరినప్పుడు రాజమండ్రి జిల్లాలో ఉన్నత విద్య బోధించే స్థానాలే రెండు వందలకు పైగా ఉన్నట్టు తేలింది. అంత విస్తారమైన చదువు సాగిన ఈ సీమలో చదువు మానవలసిన రోజులు పంచాంగంలోనే నిర్ణయమై ఉండేవి. ఆ విద్య ఆనాడు అందరికీ అందలేదన్నది కూడా నిజమే. కాని విరామపు నియమం మాత్రం అందరూ స్వీకరించదగినది.

శ్రామికులకు వారపు సెలవు అంత సులువుగా రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడిన ఫలితంగా 1890లో ఆదివారం సెలవు లభించింది. గాంధీజీ సోమవారం మౌనం పాటించేవారు. చెప్పవలసినది సాధారణంగా చీటీ మీద రాసి చూపేవారు.

యంత్రాలకూ సెలవున్న రోజులు

ఇక మన యంత్రాల సంగతి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఊరి పంచాయతీ రేడియో సాయంత్రం వేళ మోగేది. వార్తలు, వ్యవసాయదారుల కార్యక్రమం, పాటలు అయ్యాక ఆగిపోయేది. జనం అరుగుల మీద కూర్చుని విన్నదాని గురించి మాట్లాడుకునేవారు. హైదరాబాదు దూరదర్శన్ 1977లో వచ్చినప్పుడు కూడా అది సాయంకాలపు కొద్ది గంటల వ్యవహారమే. ప్రసారం ముగిసిందంటే ఇంటిల్లిపాదీ నిద్రకు లేచేవారు. దినపత్రికకు చివరి పేజీ ఉన్నది. ఉత్తరానికి సంతకం ఉన్నది.

మన దేశంలో తొలి మొబైలు సంభాషణ 1995లో జరిగింది. 2016 తరువాత చవక డేటా పల్లెకు చేరింది. 2020 లాక్‌డౌన్‌లో పిల్లల బడి కూడా ఫోనులోకే వచ్చింది. దీని మేలును నేను తక్కువ చేయను. అమెరికాలో ఉన్న మనుమరాలి ముఖం రోజూ చూడగలుగుతున్నది ఈ ఫోను వల్లనే. కాని మన ఇళ్ళలోకి వచ్చిన సాధనాలలో తనంతట తాను ఎన్నడూ ఆగనిది ఇదే. వేలు జరిపినకొద్దీ కింద నుండి మరొకటి వస్తూనే ఉంటుంది. ఆనకట్టకు ముందు వేసవి చేసిన పనిని, తరువాత లాకు తలుపు చేసింది. ప్రసార కేంద్రం చేసిన పనిని ఇప్పుడు మన చెయ్యి చేయాలి.

శరీరం చెప్పేది

మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాము. తెర చూస్తున్నప్పుడు అది సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది. కంటి మంట, పొడితనం అందువల్లనే. రాత్రివేళ తెర వెలుగు నిద్రకు తోడ్పడే మెలటోనిన్ స్రావాన్ని వెనక్కి నెడుతుంది. చూసిన విషయం కలిగించే ఉద్రేకం దానికి తోడవుతుంది. ఆరుబయట వెలుగులో ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువని పలు దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. ఫోను పక్కన ఉన్నంత మాత్రానే ఏకాగ్రత తగ్గుతుందని 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. తరువాతి పరిశోధనలన్నీ దానిని సమర్థించలేదు గనుక దానిని వేదవాక్యంగా తీసుకోనక్కరలేదు. పని మధ్యలో పదే పదే అంతరాయం కలిగితే మళ్ళీ మనసు కుదురుకోవడానికి సమయం పడుతుందన్నది మాత్రం మనలో ప్రతి ఒక్కరికీ అనుభవమే.

ప్రతి అతి వాడకమూ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో వీడియో ఆటల వ్యసనానికి స్థానం కల్పించింది గాని, ఫోను వాడకం మొత్తాన్నీ కాదు. బెంగుళూరు నిమ్హాన్స్ 2014లోనే ఇటువంటి సమస్యల కోసం ప్రత్యేక క్లినిక్ ప్రారంభించింది.

ఆచరణ

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడ్గావ్ గ్రామంలో 2022 నుండి ప్రతి సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగుతుంది. ఊరంతా గంటన్నర సేపు టీవీలు, ఫోన్లు పక్కన పెడతారు. కాలువ కట్టినట్టే, అందరికీ ఒకేసారి. ఇంట్లో ఒక్కరే ఫోను మానితే అది శిక్షలా ఉంటుంది. అందరూ మానితే అలవాటవుతుంది.

మా ఇంట్లో మేము పాటిస్తున్న పద్ధతి ఇది. చదివేటప్పుడు, రాసేటప్పుడు 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూస్తాము. భోజనాల వేళ, నిద్రకు గంట ముందు ఫోన్లు హాలులోని అలమారలో ఉంటాయి. ఆదివారం ఉదయం నుండి మధ్యాహ్న భోజనం వరకు పూర్తి విరామం. ఏటా కాలువలు కట్టిన మొదటి వారంలో గ్రూపులన్నింటి నుండి సెలవు తీసుకుంటాను. ఆ వారంలో ఫోనులోని పూడిక తీస్తాను: అనవసరమైన యాప్‌లు, చూడని గ్రూపులు, మోగే నోటిఫికేషన్లు తొలగిస్తాను.

అయితే చెరువు నింపుకోవడం మరువవద్దు. విరామానికి ముందే పిల్లలకు, బంధువులకు చెప్పండి. అత్యవసరానికి ఒక మామూలు బటన్ ఫోను మోగే స్థితిలో ఉంచండి. మందుల చీటీ, వైద్యుని నంబరు, 108 ఒక కాగితం మీద రాసి గోడకు అతికించండి. ఒంటరిగా ఉండే వృద్ధుల ఫోను ఎన్నడూ కట్టవద్దు. వారికి అదే చెలమ, అదే చెరువు. పిల్లల చేతిలోని ఫోను లాక్కోవడానికి ముందు ఆ గంటలో వారికి మీరు ఏమి ఇవ్వగలరో ఆలోచించండి. ఫోను తీసుకుంటే విపరీతమైన కోపం, నిద్రలేమి, చదువు పూర్తిగా మానడం వంటివి కనిపిస్తే మందలింపుతో సరిపెట్టక మానసిక వైద్యుని సంప్రదించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

మొదటి రోజులలో నా చెయ్యి ఉత్త జేబును తడుముకునేది. మూడవ వారానికి అది తగ్గింది. ఇప్పుడు సాయంత్రం అలమార తలుపు వేసిన తరువాత మేమిద్దరం గట్టు మీదుగా లాకుల దాకా నడిచి వస్తాము. ఆమె మధ్యలో ఆగితే నేనూ ఆగుతాను. "ఆయాసమా?" అని అడుగుతాను. చాలాసార్లు కాదు, ఎవరి పెరటిలోనో పూసిన మల్లె కోసం ఆగి ఉంటుంది.