కాటా, బీడీ, మీటరు: నిజాంసాగర్ ఆయకట్టున విద్యుత్ గణనపై గృహస్థుల అభిప్రాయము

విద్యుత్ మీటరును గూర్చి గృహస్థులు చూపు శంకను అజ్ఞానముగా గణించు అలవాటు మన పరిశోధకులలో స్థిరపడినది. అవగాహన కల్పించినచో స్మార్టు ప్రీపెయిడ్ మీటరును జనులే కోరి తెచ్చుకొందురని సదస్సులలో నిత్యము వినుచున్నాము. నిజామాబాదు పట్టణమునందును, బోధన్ చుట్టుపట్ల చెఱకు గ్రామములందును ఈ వ్యాసకర్త వినిన మాటలు ఆ నిశ్చయమునకు లొంగవు. “మీటరు మంచిదే కావచ్చు సార్, లెక్క వాళ్ల చేతులనే ఉంటది గదా” అను మాట స్వల్పభేదములతో పెక్కు ఇండ్లలో వినవచ్చినది. ఇందు యంత్రమునకు ఒప్పుదలయే కలదు. శంక యంతయు లెక్క పట్టువానిమీదనే.

ఈ నిశ్చయము వెనుక నున్నది సమాచార వ్యవస్థల పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదనను అన్వయించిన తీరు. ఒక సాధనమును జనులు స్వీకరించుట దాని ప్రయోజనమును, సౌలభ్యమును వారెట్లు భావింతురో దానిమీద ఆధారపడునని ఆయన 1989లో ప్రతిపాదించెను. నాడాయన పరీక్షించినది కెనడాలోని ఐబీఎం ఉద్యోగులను, ఎం.బి.ఏ. విద్యార్థులను, పరీక్షకు తీసికొన్నది కార్యాలయములలో ఉత్తరములు నడుపుట మొదలగు పనులకు వాడు కంప్యూటరు సాఫ్టువేరును. ఆ సాఫ్టువేరు ఉద్యోగికి బిల్లు పంపదు, అతని యింట దీపమార్పదు. విక్రేతయే తూచి, విక్రేతయే వెలకట్టి, ముందు కట్టిన రొక్కము తీరినంతనే దూరమునుండియే సరఫరా నిలుపగల సాధనమునకు ఆ ప్రశ్నావళిని యథాతథముగా అన్వయించి, వచ్చిన సమాధానములను ప్రజాభిప్రాయమనుట సాహసము. రాజకీయశాస్త్రజ్ఞురాలు సునీల కాలే 2014 నాటి గ్రంథము భారతదేశ విద్యుదీకరణమున ప్రాంతీయ రాజకీయముల ప్రాబల్యమును చూపినది గాని, ఆమె దృష్టి ప్రభుత్వములమీదనే నిలిచినది.

ఈ సీమలో లెక్కపై శంకకు చరిత్ర కలదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణము మంజీరా జలములను పొలములకు మరలింపగా, 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. అది మొదలు ఆయకట్టు చెఱకు రైతు సంవత్సరాదాయము కంపెనీ కాటామీద తేలుచు వచ్చినది. బండి కాటా నెక్కువరకు చెఱకు రైతుది. ఎక్కిన పిదప దాని బరువు కంపెనీ చెప్పినంత. వరుసలో నిలిచి యెండకు ఆరిన చెఱకు తూకము తగ్గినచో ఆ నష్టము రైతుదే. అంతకంటె గహనమైనది రికవరీ శాతము: టన్ను చెఱకునుండి చక్కెర యెంత దిగినదో ఫ్యాక్టరీ లోపల తేలును, ధర దానితో ముడివడియుండును, రైతు దానిని కన్నులార చూడడు. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి పోయి, 2015లో మూతపడినను, కాటాను గూర్చిన సంభాషణ మాత్రము రచ్చబండలపై నేటికిని సాగుచున్నది.

పురుషునకు కాటా నేర్పిన దానిని బీడీలు చుట్టు స్త్రీకి బీడీ నేర్పినది. వెయ్యి బీడీలకింతయని కూలి. ఆ వేయింటిలో నాసివి యెన్నియో నిర్ణయించువారు కార్ఖానావారు. మన సరకును కొనునప్పుడు కంపెనీయే కొలుచును. తన సరకును మనకమ్మునప్పుడును కంపెనీయే కొలుచును. కాటా, బీడీ అను రెండనుభవములు గల యింటివారికి గోడకు తగిలించిన మీటరు అదే వరుసలో మూడవదిగా గోచరించుట సహజము.

బిల్లు ఈ శంకను పోషించుచున్నది. 2022లో అమలునకు వచ్చిన తెలంగాణ గృహ టారిఫ్ ప్రకారము నెలకు 200 యూనిట్లు కాల్చిన యింటికి మొదటి నూటికి 3.40 రూపాయలు, రెండవ నూటికి 4.80 వంతున విద్యుత్ చార్జీ 820 రూపాయలగును. 201వ యూనిట్ కాలినచో తొలి 200 యూనిట్లకును 5.10 వంతున, ఆ యొక్కదానికి 7.70 కట్టి, అది 1027.70 రూపాయలగును. 2024 మార్చి నుండి గృహజ్యోతి ఈ మెట్టును గోడగా మార్చినది: తెల్లకార్డు గల యింట 200 వరకు జీరో బిల్లు, దాటినచో మొత్తము చెల్లింపవలెను. రీడింగు తీయువాడు ఆలస్యముగ వచ్చిన దినములు గృహిణికి దినములుగా గాక యూనిట్లుగా తోచును. 2020 లాక్‌డౌన్ వేళ రీడింగు నిలిచి, జూన్‌లో మూడు నెలల వాడకము ఒక్కమారు లెక్కకు వచ్చినప్పుడును, 2023 జనవరిలో ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో అదనపు వినియోగ డిపాజిట్టు (వాడకము పెరిగినవారినుండి కోరు అదనపు పూచీ సొమ్ము) బిల్లులకెక్కినప్పుడును చెలరేగిన అలజడిలో జనులు మీటరును మాత్రమే నిందింపలేదు. లెక్క యెట్లు కట్టితిరని అడిగిరి. ప్రీపెయిడ్ మీటరు గలవానికి 2003 విద్యుత్ చట్టము 47వ సెక్షన్ డిపాజిట్టునుండి విముక్తి నిచ్చుననియు, దినదినము యూనిట్లు చూచుకొనువాడు 200 గీటు దాటకుండ కాచుకొనగలడనియు స్మార్టు మీటరును సమర్థించువారు చెప్పుమాట నిజమే.

కాని చట్టమే గృహస్థుని శంకను అంగీకరించినది. 2024 నాటి వినియోగదారుల హక్కుల సవరణ నియమముల ప్రకారము, రీడింగు వాడకముతో సరిపోవుట లేదని ఫిర్యాదు వచ్చినచో అయిదు దినములలో అదనపు మీటరు నమర్చి, కనీసము మూడు నెలలు సరిచూడవలెను. అయితే ఆ రెండవ మీటరును అమర్చువారును పంపిణీదారులే. కాటాను సరిచూచుటకు కంపెనీయే మఱొక కాటాను తెచ్చినట్లున్నది. 2021లో కేంద్రము 25 కోట్ల స్మార్టు మీటర్ల సంకల్పము చెప్పుకొన్నను, 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంధనమంత్రి గృహములకు వీనిని సమ్మతి లేనిదే అమర్చరాదని చెప్పవలసివచ్చుటకు కారణమును ఇచ్చటనే వెదుకవలెను. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులకు గురియైన విద్యుత్ చార్జీల వ్యతిరేకోద్యమమును సైతము మనము ధరలపై పోరాటముగా మాత్రమే వ్రాసికొన్నాము. తెలుగునాట విద్యుత్ ఆందోళనలలో ధరతోపాటు కొలత యెవరి చేతిలోనున్నదను ప్రశ్నయు ఉండవచ్చును. కావున అవగాహన సదస్సులకు వెచ్చించు ధనముతో ప్రతి పంచాయతీకిని, ప్రతి వార్డునకును స్వతంత్రమైన సరిచూపు మీటరు నొకదానిని, దానిని చదువగల మనిషి నొకనిని ఇచ్చుట మేలు. అది జరిగిన పిదపనే స్మార్టు మీటరుపై ప్రజాభిప్రాయమును అడుగుటకు అర్థముండును.