ఎవరి వేగం వాళ్లది

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి పటాన్‌చెరులో నలుగురం కలిసి సైకిళ్లెక్కాం. జాతీయ రహదారి 65 మీద సంగారెడ్డి, జహీరాబాద్ దాటి కర్ణాటకలోకి కొంచెం వెళ్లి వెనక్కి రావాలి. మొత్తం 200 కిలోమీటర్లు, గడువు పదమూడున్నర గంటలు. దీన్ని బ్రెవే అంటారు. చేతికొక కార్డిస్తారు, దారిలో కంట్రోల్ దగ్గర ముద్ర వేయించుకోవాలి. గెలిచేవాడుండడు. ముందొచ్చినా ఆఖరి నిమిషంలో వచ్చినా లెక్క ఒకటే. నలుగురం ఒకే ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ వాళ్లం, కలిసి వెళ్లి కలిసి రావాలనుకున్నాం. అలా జరగలేదు. తర్వాత ఈ బ్రెవేల చరిత్ర చదువుతుంటే, మాకొచ్చిన పేచీ వందేళ్ల కిందటే ఒకసారి వచ్చిపోయిందని తెలిసింది.

ఈ ఆటకు రెండు పుట్టుకలున్నాయి. ఒకటి పందెం. 1891లో ‘ల పెతి జుర్నాల్’ అనే పత్రిక పారిస్ నుంచి బ్రెస్ట్‌కీ, అక్కణ్ణుంచి మళ్లీ పారిస్‌కీ దాదాపు 1200 కిలోమీటర్ల రేసు పెట్టింది. సైకిల్ ఎంత దూరమైనా పోగలదని చూపించడం, పనిలో పనిగా పత్రిక అమ్ముకోవడం. షార్ల్ తెరోన్ 71 గంటల పైచిలుకులో గెలిచాడు. గెలిచిన తీరే ముఖ్యం. తనకన్నా ముందున్న ప్రత్యర్థి నిద్రపోతున్నప్పుడు అతన్ని దాటేశాడు.

రెండోది ఇటలీలో పుట్టింది. 1897లో పన్నెండుమంది రోమ్ నుంచి నేపుల్స్‌కి 230 కిలోమీటర్లు పగటి వెలుగులోనే చేరాలని బయల్దేరారు. ఇలాంటి సాహసానికి ‘ఆడాక్స్’ అని పేరొచ్చింది. లాటిన్‌లో తెగువ గలవాడని అర్థం. దాన్ని 1904లో ఫ్రాన్స్‌కి తెచ్చినవాడు ఆన్రీ దెగ్రాంజ్. అంతకు ముందేడు టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టింది ఈయనే. ఆడాక్స్ పద్ధతిలో గుంపుకొక కెప్టెన్ ఉంటాడు. వేగం ఆయనది. ఆయన్ని ఎవరూ దాటకూడదు. ఆగేచోట అందరూ ఆగాలి. పందేలతో పత్రిక నడిపిన మనిషే పందెం కాని దానికి ఇంత గట్టి నియమాలు పెట్టడం నాకు తమాషాగా అనిపిస్తుంది.

ఈ బ్రెవేలు నడిపే అనుమతి ఆడాక్స్ క్లబ్ పారిజియెన్‌కి ఉండేది. 1921లో దెగ్రాంజ్‌కీ క్లబ్బుకీ చెడింది, ఆయన అనుమతి వెనక్కి తీసుకున్నాడు. క్లబ్బు వాళ్లు ఊరుకోలేదు. కెప్టెన్ లేని బ్రెవేలు మొదలుపెట్టారు. ఎవరి వేగం వాళ్లది, గడువు మాత్రం అందరికీ ఒకటే. దూరాన్ని బట్టి ఇప్పుడు 200కి 13:30 గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో వృత్తి సైక్లిస్టుల రేసు 1951తో ఆగిపోయింది. ఈ మామూలు మనుషుల రైడే మిగిలింది. ఇప్పుడది నాలుగేళ్లకోసారి జరుగుతుంది, గరిష్ఠ గడువు 90 గంటలు. 2019లో, 2023లో మన దేశం నుంచి వందలమంది వెళ్లారు.

పేర్లు చూడండి. కెప్టెన్‌ని వదిలేసిన ఆ పారిస్ క్లబ్బు తన పేరులో ఆడాక్స్‌ని ఇప్పటికీ ఉంచుకుంది. మన దగ్గర ఈ రైడ్లు నడిపే సంస్థ పేరు ఆడాక్స్ ఇండియా రాండనర్స్. ‘ఆడాక్స్’ గుంపుది, ‘రాండనర్’ ఎవరి వేగం వాళ్లదనే పక్షానిది. తగువు పడ్డ ఇద్దర్నీ ఒకే బోర్డు మీద రాసుకున్నాం.

1921ని చాలామంది స్వేచ్ఛ దొరికిన ఏడాదిగా చెప్తారు. నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. కెప్టెన్ ఉన్నప్పుడు వెనకబడ్డవాడి కోసం ఆగడం నియమం. ఆగితే ఎవడూ మంచివాడైపోడు. కెప్టెన్ పోయాక ఆగాలా వద్దా అనే ప్రశ్న ప్రతి ఒక్కడి నెత్తినా పడింది. ఎలా తేల్చుకున్నా రూలు బుక్కు ఏమీ అనదు.

మా ఇద్దరు మిత్రులు పొద్దుటే ముందుకెళ్లిపోయారు. నేనూ నాలుగోవాడూ కలిసి తొక్కాం. వెళ్లేటప్పుడు ఇస్నాపూర్ దగ్గర నైట్ షిఫ్ట్ దిగిన కార్మికులు పాత సైకిళ్ల మీద ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటూ ఎదురొచ్చారు. వాళ్లకూ గడువుంటుంది గానీ, దాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర మెషిన్ చూసుకుంటుంది. రుద్రారం, కంది, పోతిరెడ్డిపల్లి చౌరస్తా, సదాశివపేట. జహీరాబాద్ వైపు వెళ్లేకొద్దీ నేల ఎర్రబడుతుంది.

తిరుగుదారిలో మావాడికి మొదటి పంక్చరయింది. స్పేర్ ట్యూబ్ వేసుకున్నాడు. నలభై నిమిషాలు ఆగాను. సదాశివపేట దగ్గర, సుమారు అయిదింటికి, రెండోది. పంక్చర్ షాపాయన ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూపించాడు. వాల్వు చూసి, “గిదేం వాల్వు సార్, మా పంపు పట్టది” అన్నాడు. బ్యాగులో చేతిపంపు ఉంది గాలి కొట్టుకోవడానికి. కానీ అతుకు ఆరాలి, గాలి నిలుస్తుందో లేదో చూడాలి.

నేను లెక్క వేశాను. నలభై కిలోమీటర్లు, రెండున్నర గంటలు, అంటే గంటకు పదహారు. ఇప్పుడు కదిలితే చేరతాను. “నువ్వు పో రా, నేనొస్తా” అన్నాడు వాడు. పోయాను. నా సీటు కింది బ్యాగులో కొత్త ట్యూబు ఒకటుంది, వాడి చక్రానికి సరిపోయేదే. నాకే పంక్చరయితే ఎలా అని ఇవ్వలేదు. బ్రెవేలో ఒక రైడరు ఇంకొకడికి సాయం చేయొచ్చు. అది నాకు తెలుసు కూడా.

చీకట్లో రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకుని, ఇస్నాపూర్ లారీల మధ్య నుంచి 7:12కి చేరాను. ముద్ర పడింది. వాడు ఎనిమిది దాటాక వచ్చాడు. కార్డులో ఆఖరి గడి ఖాళీ. టీ తాగుతూ పంక్చర్ షాపు కబుర్లే చెప్పాడు. ట్యూబు సంగతి నేను ఎత్తలేదు. రెండు వారాల తర్వాత, నా సైకిల్ కడుగుతూ ఆ బ్యాగు విప్పింది వాడే.

వచ్చే నెల మళ్లీ 200 ఉంది. ఇద్దరి ఫీజూ నేనే కట్టాను. వాడింకా వస్తాననలేదు.