పోపుల డబ్బా చిల్లరతో కొన్న పాట



లాడ్‌బజారులో బేరమాడి కొనుక్కున్న లక్క గాజులకూ, ట్రంకు పెట్టె అడుగున పడివున్న పాత గ్రామఫోన్ రికార్డుకూ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? రెండింటికీ పుట్టిల్లు లక్కే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే జిగురు అది. అచ్చంపేట దాటి నల్లమల దారి పట్టినవాళ్ళు ఎండలు ముదరకముందే ఎర్రగా పూసే మోదుగలను చూసే ఉంటారు. ఆ జాతి చెట్ల నుంచే తూర్పు రాష్ట్రాల అడవుల్లో లక్క తీసేవారు. ప్రపంచంలోని రికార్డు కంపెనీలన్నీ దానిమీద ఆధారపడ్డాయి.

1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడగా రికార్డులు చేశారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్ళెంలో ఒక్కో పక్కన మూడు నిమిషాల పాట పట్టడమే కష్టం. మన సినిమా పాట అంత పొట్టిగా ఉండడానికి ఇదీ ఒక కారణమే సుమండీ!

1932లో తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. సురభి కమలాబాయి అందులో లీలావతి. ఇక సినిమా చూసి వచ్చినవాళ్ళకు ఆ పాట ఇంటికి తెచ్చుకోవాలనే ఆశ పట్టుకుంది. కానీ గ్రామఫోన్ పెట్టె ఉన్నవారింటి వైభవం. అచ్చంపేట వంటి ఊళ్ళలో మిగతావాళ్ళకు రికార్డంటే పెళ్ళిపందిట్లో మైకు సెట్టులో వినేదే. మరి సొంతానికి కొనుక్కోగలిగిందేమిటి? సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం! నాలుగు పేజీల పల్చటి కాగితం, నటీనటుల పేర్లు, కొంచెం కథ, ‘శేషం వెండితెరపై చూడండి’ అని ఒక ఊరింపు, ఆ తర్వాత పాటలు. పోపుల డబ్బాలో దాచిన చిల్లరతో ఆడవాళ్ళు ఎన్ని కొన్నారో లెక్కెవరు కట్టారు? ‘సినిమా చూశావుగా, మళ్ళీ ఇదెందుకు, దుబారా!’ అని ఇంట్లోవాళ్ళు సణిగినా కొన్నారు.

1952 తర్వాత కొన్నాళ్ళు ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మూగబోయాయి. జనం రేడియో సిలోను వైపు చెవి తిప్పారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయ్యాకగానీ ఆ కరువు తీరలేదు. ఆ రోజుల్లో చరణం మరిచిపోతే చెప్పేది ఆ పుస్తకమే కదా.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ ‘భక్త ప్రహ్లాద’ను చూద్దామంటే ఈనాడు ప్రింటు లేదు. అంతకు ముందేడాది వచ్చిన హిందీ ‘ఆలం ఆరా’ కూడా లేదు. పాత ఫిలిం తొందరగా అంటుకునే సరుకు, కొంత కాలిపోయింది. ఆట తీరిపోయాక అందులోని వెండి కోసం మరికొంత కరిగించేశారు. పుణేలో జాతీయ ఫిలిం భాండాగారం పెట్టేసరికి 1964 వచ్చింది. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది. బొమ్మ పోయిన సినిమాలకు సాక్ష్యం చెప్పేవి ఆ అణా కానీ పుస్తకాలూ, లక్క రికార్డులే. వి.ఎ.కె. రంగారావు గారి వంటివారు వేల రికార్డులు పోగుచేశారు కాబట్టే పాత గాయకుల గొంతులు మనకు మిగిలాయి. దుబారా అన్న ఖర్చు ఎంత పనికొచ్చిందో చూశారా!

1980లలో క్యాసెట్టు చవకై, పచారీ కొట్లో కూడా పాట దొరకడం మొదలైంది. రికార్డులు అటక ఎక్కాయి. ఇప్పుడు సెల్‌ఫోనులో అన్నీ ఉన్నాయనుకుని అటక దులిపేస్తున్నాం. ఉన్నవన్నీ అందులోకి ఎక్కలేదమ్మా!

అందుచేత ఈసారి పాత సామాన్లవాడు వీధిలో కేకవేస్తే ఒక్క క్షణం ఆగండి. రికార్డుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. పొయ్యికీ, ఎండకూ దూరంగా ఉంచండి. లక్క రికార్డును స్పిరిటుతో తుడవవద్దు, కరిగిపోతుంది; పొడి మెత్తటి గుడ్డ చాలు. పాటల పుస్తకాల మధ్య ఎండిన వేపాకు వేయండి. ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో కొన్నారో ఒక చీటీమీద రాసిపెట్టండి. మీ అత్తగారు ఇంకా ఉంటే ఈ సాయంత్రమే అడగండి. ఆ వివరం ఆవిడ తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

ఉంటాను మరి, సెలవు.