ముద్ర నుంచి కాంటూరు దాకా: వేంగి–కొల్లేరు సీమలో సంకేతాల చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివాక మీరు సంకేతం అంటే ఏమిటో, దానికి అర్థం ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు. ఒక చారిత్రక ఆధారాన్ని సంకేతంగా చదవగలుగుతారు. సంకేతం అర్థాన్ని నిర్ణయించే అధికారం ఎవరిదని ప్రశ్నించగలుగుతారు.

1.1 సంకేతం అంటే ఏమిటి?

ఏలూరు బస్టాండులో కండక్టరు "గూడెం, గూడెం" అని కేక వేస్తే ప్రయాణికులు తాడేపల్లిగూడెం బస్సు ఎక్కుతారు. అదే మాట మన్యంలో వినిపిస్తే ఒక చిన్న పల్లె అని అర్థం. మాట మారలేదు, అర్థం మారింది. ఎందుకని? మాటకూ అర్థానికీ ఉన్న ముడి ప్రకృతి వేసినది కాదు, వాడేవారి ఒప్పందం వల్ల పడినది.

స్విట్జర్లాండ్‌కు చెందిన భాషావేత్త ఫెర్డినాండ్ డి సొస్యూర్ (1857–1913) ఈ సంగతిని శాస్త్రీయంగా చెప్పాడు. ఆయన తరగతి పాఠాలు మరణానంతరం 1916లో పుస్తకంగా వచ్చాయి. ఆయన లెక్క ప్రకారం సంకేతానికి రెండు ముఖాలు: వినిపించే రూపం సూచకం, మనసులో మెదిలే భావం సూచితం. ఏ సంకేతమూ ఒంటరిగా అర్థం ఇవ్వదు. పక్కనున్న సంకేతాలతో దానికి గల భేదమే దాని విలువ.

అమెరికా తత్త్వవేత్త చార్లెస్ శాండర్స్ పర్స్ (1839–1914) సంకేతాలను మూడు రకాలుగా విభజించాడు. పోలిక వల్ల అర్థమిచ్చేది ప్రతిరూపం. కారణ సంబంధం వల్ల, లేదా వస్తువుతో నేరుగా ఉన్న తాకిడి వల్ల అర్థమిచ్చేది సూచిక. ఒప్పందం వల్ల అర్థమిచ్చేది ప్రతీక. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, నీటిలో ఆక్సిజన్ తగ్గిందని కొల్లేరు రైతు గ్రహిస్తాడు. అది సూచిక. దాన్ని చదవడానికి అక్షరాలు రానక్కరలేదు, అనుభవం చాలు.

1.2 వేంగి రాజముద్రలు

ఏలూరుకు ఉత్తరాన ఉన్న నేటి పెదవేగి ఒకప్పటి వేంగి. ఈ సీమను ఏలిన శాలంకాయనుల ముద్రపై వృషభం, విష్ణుకుండినుల ముద్రపై సింహం కనిపిస్తాయి. క్రీ.శ. 624 ప్రాంతంలో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యులది వరాహం. సొస్యూర్ చెప్పిన భేదం ఇక్కడ మీకు స్పష్టంగా కనిపిస్తుంది. "వృషభం కాదు, సింహం కాదు, వరాహం" అన్నప్పుడే అది ఫలానా వంశానిదని తెలుస్తుంది.

చాళుక్యుల దానశాసనాలు రాగిరేకులపై చెక్కినవి. రేకులను ఒక కడియానికి గుచ్చి, దాని కొసలను ముద్రతో బిగించేవారు. చాలా ముద్రలపై "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు, దానితోపాటు వరాహం, అంకుశం, సూర్యచంద్రులు ఉంటాయి. వరాహం బొమ్మ ప్రతిరూపం, బిరుదులోని అక్షరాలు ప్రతీకలు. ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే రేకులు మారలేదనడానికి అది సూచిక. ఒకే వస్తువులో మూడు రకాలూ ఉన్నాయి.

అర్థం అంతటితో ఆగదు. భూమిని ఉద్ధరించిన వరాహావతారం తెలిసినవారికి ఆ బొమ్మ "ఈ భూమిని కాపాడేవాడు రాజే" అని కూడా చెబుతుంది. పైకి కనిపించే వాచ్యార్థం వెనుక మరో అర్థం స్ఫురించడాన్ని 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు. 1957లో ఫ్రెంచి విమర్శకుడు రొలాఁ బార్త్ పత్రికల బొమ్మలను, ప్రకటనలను ఇటువంటి దృష్టితోనే చదివాడు.

1.3 ఒక గీత, ఒక అంకె

ఇప్పుడు కొల్లేరుకు వద్దాం. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్ల నీరు ఇందులో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. ఈ సీమలో పొలం గట్టు మీద కూడా వినిపించే మాట "కాంటూరు". సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పటంపై గీసే గీత అది. నేలపై అది కనిపించదు.

1999లో ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లను, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను అధికారులు తెగ్గొట్టించారు. 2008లో హద్దును +3కు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది.

+5 అన్న అంకె అర్థం +3తో పోల్చినప్పుడే తెలుస్తుంది. +3 కాంటూరు లోపలి విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. అంటే ఒక్క అంకె మారితే 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల పేరు మారిపోతుంది. ఆ గీత పక్షి ప్రేమికుడికి ఆటపాక గూడబాతుల రక్షణ. చెరువు తవ్వుకున్నవాడికి జీవనోపాధి మీద పడిన వేటు. వలతో బతికే మత్స్యకారుడికి ఉమ్మడి నీటి మీద మిగిలిన హక్కు.

గీత లోపల జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. అక్కడి రైతు చేతిలోని పట్టా "ఇది నీది" అంటుంది, పటం "ఇది అభయారణ్యం" అంటుంది. రెండూ ప్రభుత్వం ఇచ్చిన ప్రతీకలే. రెండు సంకేత వ్యవస్థలు ఢీకొన్న ఈ చోట నలిగేది మనిషి బతుకు. మరోవైపు, వరద వచ్చినప్పుడు నీరు పట్టానూ చదవదు, పటాన్నీ చదవదు. పల్లం ఎటుంటే అటే పోతుంది. ఆ నీరు నిలిచిన మేర ఒక సూచిక. దాన్ని పట్టించుకోకుండా ప్రతీకలను మాత్రమే మార్చుకుంటే నష్టం ఊళ్ల మీదే పడుతుంది.

1.4 సారాంశం

అర్థం వస్తువులో దాగి ఉండదు. భేదం వల్ల, ఒప్పందం వల్ల, సందర్భం వల్ల ఏర్పడుతుంది. నాడు ముద్ర వేయించినవాడికి, నేడు గీత గీయించినవాడికి ఆ ఒప్పందాన్ని శాసించే బలం ఉంది. కాబట్టి చరిత్ర విద్యార్థిగా మీరు ఏ ఆధారాన్ని చూసినా రెండు ప్రశ్నలు వేయండి: ఇది ఏం చెబుతోంది? ఎవరి తరఫున చెబుతోంది?

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ప్రతిరూపం, సూచిక, ప్రతీకలకు మీ ఊరి నుంచి ఒక్కో ఉదాహరణ ఇవ్వండి.
2. చాళుక్య ముద్రలో అర్థం ఎన్ని స్థాయిల్లో ఉందో వివరించండి.
3. కొల్లేరులో పట్టా, పటం మధ్య వైరుధ్యాన్ని సంకేత శాస్త్ర దృష్టితో చర్చించండి.